రేసు తగ్గని కారుతో మాచర్ల దాకా

మా నరసరావుపేట గ్రంథాలయంలో మోటారు ఇంజన్ల మీద ఒక పుస్తకం ఉంది. దాని అట్ట ఊడిపోతే మా కొట్లోంచి గోధుమరంగు కాగితం తీసుకెళ్ళి నేనే అతికించాను. దాన్ని మొదట్నుంచి చివరిదాకా చదివినవాణ్ణి నేనొక్కణ్ణేనని లైబ్రేరియన్ గారు అంటుంటారు. నిలబడి ఉన్న కారులో ఇంజన్ అవసరానికి మించి ఎందుకు తిరుగుతుందన్న దాని మీద అందులో ఒక అధ్యాయమే ఉంది. గాలి లీకయ్యే గొట్టం, మసిపట్టి మూసుకోని మూత, తప్పు లెక్క చెప్పే సెన్సర్, అన్నీ బొమ్మలతో సహా ఉన్నాయి. కానీ కిందటి కార్తీకంలో మాచర్ల దారిలో మాకు తగిలిన కారణం మాత్రం అందులో లేదు. రాసినవాళ్ళ ఊళ్ళో అలాంటిది జరిగి ఉండదు. మన దగ్గర రేపు ఎవరికైనా జరగొచ్చు. అందుకే ఆ రెండు రోజుల ప్రయాణం జరిగింది జరిగినట్టు రాసి ఆ పుస్తకం వెనక పేజీల్లో పెడదామని కూర్చున్నాను. లైబ్రేరియన్ గారు సరేనన్నారు.

బయల్దేరే ముందు

నాది పచారీ కొట్టు. బడి చదువు పదో తరగతితో ఆగింది. మిగతా చదువంతా మధ్యాహ్నం బేరాలు లేని వేళ గ్రంథాలయం బల్లల దగ్గర చదువుకున్నదే. వైద్యం, చరిత్ర, ఖగోళం, ఏది దొరికితే అది. చాలా ఏళ్ళ కిందటిదే అయినా ఒక చిన్న కారు కొనుక్కున్నాను. దాని ఇంజన్‌లో ఏ గొట్టం ఎక్కడికి పోతుందో పుస్తకం పక్కన పెట్టుకుని నేర్చుకున్నాను. ఇది గొప్పగానే చెప్పుకుంటాను.

మా మరదలు సుజాత మాచర్లలో ఉంటుంది. మొదటి కాన్పు. పుట్టింటికి రావలసింది, ఏడో నెలలోనే డాక్టరమ్మ మంచం దిగొద్దనడంతో అక్కడే ఆగిపోయింది. నెలలు నిండుతుండగా బిడ్డ అడ్డంగా ఉందని తేలింది. నొప్పులు మొదలు కాకముందే నరసరావుపేటలో పెద్ద ఆసుపత్రికి చేర్చాలని, దారిలో కుదుపులు తగలకూడదని చెప్పారు. నేను బయల్దేరిన మర్నాడు మధ్యాహ్నానికి ఆసుపత్రిలో చేర్చేటట్టు మాట్లాడుకున్నాం.

సుజాత భర్త గోపికి మాచర్లలో ఎరువుల కొట్టు ఉంది. ఫోన్లో అడిగాడు. "అన్నయ్యా, ఇక్కడ ఏసీ కారు మాట్లాడనా?"

"మన కారుండగా పరాయి కారెందుకు? ఏ గుంట ఎక్కడుందో చూసి నేను నెమ్మదిగా తీసుకొస్తా కదా" అన్నాను.

ఆ ఒక్క మాట రెండు రోజులపాటు నా మెడకు చుట్టుకునే ఉంది.

నాతో మా అత్తయ్య రాజ్యలక్ష్మమ్మ బయల్దేరింది. ఆవిడ నాకు మేనత్త కూడా. చిన్నప్పుడు నన్ను చంకనేసుకుని తిరిగిన మనిషి కాబట్టి అల్లుడినన్న మర్యాదలేమీ మా మధ్య లేవు. పొద్దున్నే నేను బానెట్ ఎత్తి ఆయిలు, నీళ్ళు చూసి స్నానానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి కారంతా పసుపు, కుంకుమ. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. బానెట్ లోపల కూడా ఎక్కడపడితే అక్కడ పసుపు ముద్దలు.

"అత్తయ్యా, ఇంజన్‌కి కూడా పేరంటం చేశావా?" అన్నాను.

"నవ్వు, నవ్వు. నీ పుస్తకంలో పెట్రోలు పొయ్యమని రాసుంటది. పసుపు పెట్టమని ఉండదుగా" అని చీర కొంగుతో చేతులు తుడుచుకుంది.

నేను బానెట్ దించేశాను.

తాళం తిప్పగానే ఇంజన్ ఒక్కసారి అరిచింది. ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే డయల్లో ముల్లు మామూలుగా వెయ్యికి లోపు నిలబడుతుంది. ఆ రోజు రెండువేలు దాటి అక్కడే ఆగింది.

"ఏందిరా ఆ అరుపు?" అంది అత్తయ్య.

"పొద్దుటి చలికి ఇంజన్ కాస్త ఎక్కువ తిరుగుతుంది. వేడెక్కితే తనే దిగుతుంది" అన్నాను. అది నిజమే. పుస్తకంలో ఉంది. మా ఆవిడ పద్మ గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపుతుంటే, పెళ్ళిబస్సు కదిలినంత చప్పుడుతో వీధి దాటాం.

ఊరు దాటాక కూడా అది దిగలేదు.

పిడుగురాళ్ళ

కారు నడపనివాళ్ళకు ఈ బాధ ఏమిటో చెప్పాలి. పెడల్ మీద కాలు తీసేస్తే బండి నెమ్మదించాలి. మాది నెమ్మదించదు. కాలు పక్కన పెట్టుకుని కూర్చున్నా తనంతట తాను ముందుకు తోసుకుపోతుంది. బ్రేకు నొక్కితే రెండు ఎడ్లు చెరోవైపు లాగినట్టు ఉంటుంది. నొక్కీ నొక్కీ బ్రేకులు కాలిన వాసన వస్తుంది. ఆగాక మళ్ళీ క్లచ్ వదిలితే ఒక్క ఉదుటున దూకుతుంది. రేపు ఇదే సీట్లో కుదుపు తగలకూడని మనిషి కూర్చోవాలి. దారి పొడుగునా నాకు వినిపించింది ఇంజన్ చప్పుడు కాదు, ఆ ఆలోచన.

పిడుగురాళ్ళ దగ్గరికొచ్చేసరికి సున్నం బట్టీల పొగ, రోడ్డు పక్క చెట్ల ఆకుల మీద తెల్లటి పొడి. ఊరి మొదట్లోనే ఒక షెడ్డు కనిపిస్తే ఆపాను. మెకానిక్ పేరు మస్తాన్. నా వయసే ఉంటుంది. టీ గ్లాసు చేతిలో పట్టుకునే వచ్చి, ఇంజన్ అరుపు కాసేపు విన్నాడు.

"ఏంది శెట్టిగారూ, విమానం తోలుకొచ్చారు?"

నేను శెట్టినని ఎలా తెలిసిందని అడగలేదు. వెనక సీట్లో నూనె డబ్బా, బెల్లం అచ్చులు చూసే ఉంటాడు. గాలి లీకు ఉందేమోనని నా అనుమానం చెప్పాను. ఒక రబ్బరు గొట్టం అడిగి తీసుకుని, ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండో కొసతో ఇంజన్‌లో గొట్టాల అతుకుల వెంబడి వెతికాను. ఎక్కడైనా గాలి పీల్చుకుంటుంటే బుస్సుమని వినిపిస్తుంది. పుస్తకంలో చెప్పిన ఉపాయం అది. మస్తాన్ నన్ను ఆపకుండా చూశాడు.

"ఏమంటంది లోపలమ్మ?"

"ఏమీ అనడం లేదు."

"అయితే అలిగింది" అని నవ్వి పని మొదలుపెట్టాడు. గాలి పెట్టె పక్కకు తీసి, గాలిని ఆపే మూతకు మందు కొట్టి, మసంతా కడిగాడు. మధ్యలో ఒకసారి లోపలికి వంగి చూసి, తల ఎత్తి అత్తయ్య వైపు చూశాడు. ఏదో అడగబోయి మానేశాడు. అత్తయ్య కొంగు సర్దుకుంటూ అటు తిరిగింది. ఇది నాకప్పుడు పట్టలేదు, తర్వాత గుర్తొచ్చింది.

అతను ముగించేసరికి ఎండ బాగా ఎక్కింది. బండి స్టార్ట్ చేస్తే ముల్లు కొంచెం దిగింది. పూర్తిగా కాదు కానీ దిగింది. "ఇంకొంచెం దూరం పోతే సర్దుకుంటదిలే" అన్నాడు మస్తాన్. షెడ్డు పక్క బడ్డీలో ఇచ్చిన అల్లం టీ మా పేటలో కంటే రెండు రూపాయలు తక్కువ, గ్లాసు మాత్రం పెద్దది. సున్నం దుమ్ములో పనిచేసేవాళ్ళకు గొంతు ఆరిపోతుంది, చిన్న గ్లాసుతో సరిపెడితే కొట్టు మూసుకోవలసిందేనని బడ్డీ ఆయన చెప్పాడు.

గురజాల

కాలవ దాటాక చిన్న తుంపర పడింది. అద్దం తుడిచే పుల్లలు రెండు మూడుసార్లు కదిపి ఆపేయగలిగినంత వాన. గురజాల బజారులోకి వచ్చేసరికి ముల్లు మళ్ళీ రెండువేల దగ్గరికి పాకింది.

బజారు మధ్యలో ఆటోలు అడ్డంగా ఆగాయి. నేను బ్రేకు మీద కాలు బిగించి, క్లచ్ మీది కాలు కాస్త సడలించానో లేదో, బండి మూరెడు ముందుకు దూకింది. ముందు బంపరు ఒక సీతాఫలాల గంపను తాకింది. నాలుగు కాయలు దొర్లి నలిగాయి. గంప వెనక కూర్చున్న కోటమ్మ అనే ఆవిడ లేచి నిలబడింది.

"ఏందయ్యా, కళ్ళు నెత్తికెక్కినయ్యా?"

"కారు నా మాట వినడం లేదమ్మా" అన్నాను.

"మాట ఇననిదాన్ని బజార్లోకి ఎందుకు తోలుకొచ్చావ్? ఎద్దయితే ముక్కుతాడన్నా ఏసేదాన్ని!"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. గంప ఉన్న చోట ఒక పసిబిడ్డ కూర్చుని ఉంటే? నలిగిన కాయలకు డబ్బిస్తానంటే, "నలిగినయ్యి నువ్వే తిను. మంచియ్యి గూడా కొనుక్కో" అని అరగంపెడు అంటగట్టింది. అత్తయ్య కిందికి దిగి, కూతురి సంగతంతా ఆవిడకు చెప్పేసింది. కోటమ్మ గొంతు వెంటనే మారిపోయింది.

"అట్టా చెప్పవేంది అక్కా! నిండు మనిషిని దీంట్లోనా తెచ్చేది? ముందు యేసోబు కాడికి పోండి." తనే గంప పక్కావిడకు అప్పజెప్పి, కారు ముందు నడుస్తూ సందు చివర షెడ్డు దాకా తీసుకెళ్ళింది. నేను ఆవిడ వెనకే బ్రేకు నొక్కుకుంటూ వెళ్ళాను, ఎక్కడ ఆవిడ మడమలకు తగులుతుందోనని.

యేసోబు నెరిసిన మీసం మనిషి. షెడ్డు గోడ మీద శిలువ బొమ్మ క్యాలెండరు. నేను గాలి లీకు, మూత, సెన్సర్ అంటూ చెప్పుకుపోతుంటే ఓపిగ్గా విని అన్నాడు.

"చానా చదివారండీ. నాకు పని తగ్గింది. మిగిలింది వైరే గదా?"

పెడల్ నుంచి ఇంజన్ దాకా వెళ్ళే యాక్సిలరేటర్ వైరు కొసన పట్టుకుని ఆడించాడు. "ఇది బిగుసుకుపోయి ఉంది చూడండి. కాస్తయినా వదులుండాలి" అన్నాడు. కొసనున్న నట్టు తిప్పి వైరు వదులు చేశాడు. ఇంజన్ చప్పుడు మెత్తబడింది. ముల్లు వెయ్యి కిందకి దిగి నిలబడింది. నాకు ఆ క్షణంలో అతని చేతులు పట్టుకోవాలనిపించింది.

"వైరు తనంతట తానే ఎందుకు బిగుస్తుంది?" అని అడిగాను.

"అదే నాకూ అర్థం కాలా" అన్నాడు యేసోబు, అరచేతులు తుడుచుకుంటూ. ఆ మాట కాస్త గుచ్చుకుంది కానీ ముల్లు దిగింది కదా అని సర్దుకున్నాను.

ఆకలి అప్పుడు తెలిసింది. షెడ్డు పక్కన మిరపకాయ బజ్జీలు వేస్తున్నారు. మా పేటలో బజ్జీ మిరపకాయను చీరి గింజలు తీసి వాము కూరతారు. అక్కడ గింజలు తియ్యరు. ఒక్కటి తిని రెండు గ్లాసుల నీళ్ళు తాగాను. బజ్జీలావిడ జాలిగా చూసి, "పట్నపోళ్ళా?" అంది. నరసరావుపేటను ఎవరైనా పట్నం అనడం నేను వినడం అదే మొదటిసారి.

రెంటచింతల వాన

ఎండాకాలంలో రెంటచింతల పేరు వింటేనే మనకు చెమట పడుతుంది. మేం వెళ్ళిన సాయంత్రం ఆ ఊరి మీద ఆకాశం చిల్లుపడినట్టు వాన. పత్తి విచ్చుకున్న చేలల్లో జనం అటూ ఇటూ పరిగెత్తుతున్నారు. రోడ్డు వార ఒకాయన తీసిన పత్తి మీద పట్టా కప్పి, నాలుగో కొస గాలికి లేస్తుంటే దాని మీద తనే కూర్చుని తడుస్తున్నాడు. ఎవరి భయం వాళ్ళది.

ఆ వానలో ముల్లు మళ్ళీ పైకి లేచింది.

కళ్ళతో చూస్తుండగానే లేచింది. వెయ్యి, ఆ పైన, ఆ పైన. యేసోబు వదులు చేసిందంతా ఏమైపోయిందో తెలియదు. చర్చి ఎదురుగా బండి పక్కకు ఆపి, ఇంజన్ కట్టేసి కూర్చున్నాను. వాన చప్పుడు తప్ప ఇంకేం లేదు.

"ఒరే," అంది అత్తయ్య వెనక నుంచి, "దీంట్లో సుజాతని తీసుకురాగలవా?"

ఆవిడ నన్ను అంత మెత్తగా ఏదీ అడిగిన మనిషి కాదు. సెన్సర్లోకి నీళ్ళు పోతున్నాయా, ఏదైనా తీగ తడిసి షార్టవుతోందా అని చదివిందంతా నెమరేసుకున్నాను. ఏదీ అతకలేదు. అప్పుడే గోపి ఫోన్. "ఎక్కడున్నారన్నయ్యా? కారు ఎట్టుంది? వేరే బండి మాట్లాడమంటావా?"

"పొద్దున చూద్దాం" అన్నాను.

మాచర్ల

గోపి వాళ్ళ ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టారు. వాన ఇంకా అక్కడిదాకా రాలేదు. సుజాత మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చుంది.

"బావా, నువ్వు మలుపు తిరగక ముందే తెలిసింది. ఎవరో ఆటోని రేసిస్తన్నారనుకున్నా" అంది. నవ్వుతూనే అంది కానీ, నవ్వుతున్నంతసేపూ ఒక చెయ్యి పొట్ట మీదే ఉంది.

గోపి వేడివేడి జొన్నరొట్టె, గోంగూర, ఉల్లిపాయ పెట్టించాడు. మా ఇళ్ళల్లో జొన్నరొట్టె షుగరు వచ్చినవాళ్ళకు పెట్టే తిండి అయిపోయింది. అక్కడ చుట్టానికి పెట్టే తిండి. రెండు తిన్నాను, రుచి తెలియలేదు. తిన్నాక వసారా ముందున్న నులక మంచం మీద కాసేపు నడుం వాల్చాను. నులక బాగా వదులైపోయి నడుము నేలకు తగిలేటంత దిగింది. అత్తయ్య రొట్టె ముట్టకుండా కూతురి కాళ్ళ దగ్గరే కూర్చుంది.

రాత్రంతా కురిసిన వాన తెల్లారి లేచేసరికి వెలిసింది. నేను మొహం కూడా కడుక్కోకుండా వెళ్ళి కారు స్టార్ట్ చేశాను. అరుపుకి ఎదురింటి గోడ మీది కాకులు లేచిపోయాయి. ముల్లు మూడువేల దగ్గరుంది.

గోపి నా వైపు చూడకుండా ఫోన్లు మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు చోట్ల. అన్నిచోట్లా ఒకటే మాట. కార్తీకమాసం, కార్లన్నీ శ్రీశైలం వెళ్ళాయి. ఒకతను సాయంత్రానికి వస్తానన్నాడు. డాక్టరమ్మ మధ్యాహ్నం లోపు చేరాలంది. "నొప్పులొస్తే 108 ఉందనుకో" అన్నాడు గోపి, మళ్ళీ తనే "రాకముందే చేరాలనే గదా..." అని ఆపేశాడు.

నేను వసారా ముందున్న నులక మంచం మీద కూలబడ్డాను. రాత్రి దాన్ని లోపలికి తీయడం మరిచిపోయారు, వానంతా దాని మీదే పడింది. కూర్చోగానే బల్ల మీద కూర్చున్నట్టుంది. నేను లేచి అరచేత్తో నులకను అదిమి చూశాను.

"గోపీ, రాత్రి ఇది జోలెలాగ ఉందిగా?"

"తడిస్తే బిగుసుద్ది అన్నయ్యా. ఎండితే మళ్ళీ జారుద్ది. నులక గదా."

తడిస్తే బిగుసుకుంటుంది. ఎండితే జారుతుంది. పిడుగురాళ్ళలో ఎండెక్కాక ముల్లు దిగింది. కాలవ దాటాక తుంపరకు లేచింది. రెంటచింతలలో వానకు నా కళ్ళముందే లేచింది. రాత్రంతా తడిశాక మూడువేలు.

"ఇనుము బిగియదు, రబ్బరు బిగియదు" అని పైకే అన్నాను. "తడిస్తే బిగిసేది తాడొక్కటే. ఇంజన్‌లో తాడెందుకుంటుంది?"

గుమ్మంలోంచి అత్తయ్య గొంతు వినిపించింది.

"ఉందిరా."

అందరం అటు చూశాం. ఆవిడ ద్వారబంధం పట్టుకుని నిలబడింది.

"నిన్న పొద్దున నేనే కట్టా. పసుపుకొమ్ము. పోగులన్నీ పేని, పసుపు నీళ్ళల్లో తడిపి, గట్టిగా ముడేసి కట్టా. పిల్ల క్షేమంగా మనింటికి చేరాలని."

"దేనికి కట్టావ్?"

"ఎనకాల నల్ల వైరుంది గదా, దానికీ, పక్కనున్న కడ్డీకీ కలిపి."

నేను బానెట్ ఎత్తాను. పసుపు ముద్దల వెనక, చీకట్లో, ఉంది. యాక్సిలరేటర్ వైరును తొడుగుతో సహా పక్కకు వంచి కడ్డీకి బిగించేసింది. బైకు హ్యాండిల్ ఒక పక్కకు పూర్తిగా తిప్పితే ఒక్కోసారి రేసు పెరుగుతుంది చూడండి, అదే సంగతి. తొడుగు వంగితే లోపలి తీగ లాగినట్టే అవుతుంది. వానకు దారం బిగిసినకొద్దీ ఎవరో పెడల్ మీద కాలు పెట్టి తొక్కుతున్నట్టే.

"నిన్నటి నుంచీ ఇన్ని చోట్ల ఆగాం. నోరెందుకు మెదపలేదు అత్తయ్యా?"

"నువ్వు నవ్వుతావని" అంది. "విప్పేస్తావని. పిల్ల ఇల్లు చేరేదాకా విప్పనని మొక్కుకున్నా. దానివల్లేనని నాకేం తెలుసు నాయనా? ఆ మస్తాన్ చూశాడు, ఏమన్లా. రెండో ఆయనా చూశాడు, ఏమన్లా. మెకానిక్కులే ఏమనకపోతే నేనేమనుకోను?"

కత్తెర అందుకోబోయిన నా చెయ్యి ఆగిపోయింది. కత్తిరించడం ఎంతసేపు? కానీ కత్తిరించాక ఆవిడ నరసరావుపేట దాకా ఏ గుండెతో కూర్చుంటుంది? తీరా ఆపరేషన్లో ఏ చిన్న కష్టమొచ్చినా ఆ కత్తెరే గుర్తు చేసుకుంటుంది. నేనూ గుర్తు చేసుకుంటాను. ఎన్ని పుస్తకాలు చదివినా అది మాత్రం తప్పదు.

సుజాత లోపల్నుంచి పిలిచింది. "అమ్మా, మొక్కింది కారుకా, నాకా?"

"నీకేనే. కారుకెందుకు మొక్కుతా?"

"అయితే తెచ్చి నాకే కట్టు. నీ చేత్తోనే తియ్, నీ చేత్తోనే కట్టు. మధ్యలో కింద పెట్టమాక. అప్పుడు విప్పినట్టు కాదుగా, నా దగ్గరికి వచ్చినట్టు."

అత్తయ్య ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత వచ్చి, ముడి గోళ్ళతో పీకింది. తడి ముడి, ఎంతకీ రాలేదు. నేను లైటు పట్టుకున్నాను. చివరికి ఊడాక దాన్ని గుప్పిట్లో మూసుకుని లోపలికి పోయి కూతురి కుడి మణికట్టుకు కట్టింది. నేను తాళం తిప్పాను. ముల్లు వెయ్యి లోపు నిలబడింది. ఎదురింటి గోడ మీదికి కాకులు తిరిగొచ్చాయి.

తిరుగు దారి

వెనక సీట్లో దిండ్లు పేర్చి సుజాతను పడుకోబెట్టాం. తల అత్తయ్య ఒళ్ళో. గోపి నా పక్కన కూర్చుని ప్రతి గుంటనూ నాకంటే ముందు చూసి చెప్పాడు. ఇప్పుడు నాకు కొత్త భయం పట్టుకుంది. ఆగినచోటల్లా ఇంజన్ చప్పుడు వినపడక, ఆగిపోయిందేమోనని డయల్ వైపు చూసేవాణ్ణి. రెండు రోజుల అరుపు చెవుల్లో ఉండిపోయి, మామూలు నిశ్శబ్దాన్ని నమ్మలేకపోయాను.

గురజాలలో యేసోబు షెడ్డు ముందు ఒక్క నిమిషం ఆపాను. వదులు చేసిన నట్టు మళ్ళీ సరిచేయాలి. సంగతి వినగానే అతను నెత్తి కొట్టుకున్నాడు.

"చూశానండీ! కళ్ళారా చూశా. దేవుడి దారం గదా, మేం ముట్టుకుంటే మీకు బాగోదేమోనని చెయ్యి తగలకుండా పనిచేశా."

పిడుగురాళ్ళలో మస్తాన్ కూడా దాదాపు అదే అన్నాడు. "అడగబోయా శెట్టిగారూ. పెద్దావిడ అటు తిరిగింది. పూజ సంగతి మనకెందుకులే అని ఊరుకున్నా."

నేనేమన్నా తక్కువా? పసుపు కనపడగానే అది నా చదువుకు సంబంధించింది కాదని అటు చూడటమే మానేశాను. వాళ్ళిద్దరూ గౌరవంతో చూపు తిప్పుకున్నారు, నేను చిన్నచూపుతో తిప్పుకున్నాను. పుస్తకంలో రాయాల్సింది ఇదే అనుకుంటాను. ఇంజన్ రేసు తగ్గకపోతే, దానికి కట్టిన ప్రతిదాన్నీ చూడండి. ఎవరు కట్టారో వాళ్ళను మర్యాదగా అడగండి.

పేట ఇంకా కొంత దూరం ఉందనగా సుజాత, "అమ్మా, నడుం లాగుతోంది" అంది. అద్దంలో చూస్తే ఆమె ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని కళ్ళు మూసుకుంది. ముందు పత్తి లారీ ఒకటి దారి ఇవ్వకుండా పాకుతోంది. దాని వెనక ఆగీ, కదిలీ, ఆగీ వెళ్ళాం. క్లచ్ వదిలిన ప్రతిసారీ బండి పసిబిడ్డను దించినంత మెత్తగా కదిలింది. నిన్నటి కారే అయితే ఆ లారీ వెనక ఎన్నిసార్లు దూకి ఉండేదో తలచుకోవడానికి కూడా ధైర్యం చాలలేదు.

ఆసుపత్రి మెట్ల దగ్గర పద్మ ఎదురు చూస్తోంది. సుజాతను నేరుగా లోపలికి తీసుకెళ్ళారు. ఆపరేషన్ గది దగ్గర నర్సమ్మ చేతికున్నవి తియ్యాలంది. అత్తయ్య మళ్ళీ తన చేత్తోనే ముడి విప్పింది. ఈసారి దారం ఎండిపోయి ఉంది, ఇట్టే వచ్చింది. గుప్పిట్లో పెట్టుకుని బల్ల మీద కూర్చుంది. ఆడపిల్ల ఏడుపు వినపడేదాకా ఆ గుప్పిట తెరవలేదు.

తల్లీ బిడ్డా బాగున్నారు.

అందుకని, చివరగా వీళ్ళ పేర్లు ఇక్కడ రాయకపోతే నా మనసు ఒప్పుకోదు. మూత కడిగి, నా రబ్బరు గొట్టం వైద్యాన్ని ఎగతాళి చేయని పిడుగురాళ్ళ మస్తాన్‌కు, వైరు దగ్గరి దాకా చెయ్యి తెచ్చిన గురజాల యేసోబుకు, తిట్టి మరీ దారి చూపిన కోటమ్మకు, నేను వద్దన్నా కార్ల కోసం ఫోన్లు చేసిన గోపికి, కొట్టు చూసుకుంటూ ఆసుపత్రిలో అంతా సిద్ధం చేసిన పద్మకు, మా అందరికంటే తెలివిగా మొక్కు తీర్చిన సుజాతకు నమస్కారాలు. ఆఖరిది మా రాజ్యలక్ష్మమ్మ అత్తయ్యకు. నేను నవ్వుతానని తెలిసి కూడా గుమ్మంలో నిలబడి ఆ ఒక్క మాట చెప్పినందుకు.

మొన్న ఉయ్యాల్లో వేసే రోజున ఆవిడ చేతిలో మళ్ళీ పసుపు దారం కనిపించింది. ఉయ్యాల చుట్టూ ఒకసారి తిరిగి, నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగింది.

"ఒరే, ఇందులో కదిలేదేది, కదలందేది? కదలందానికే కడతా."

నేను నవ్వలేదు. గొలుసులు వదిలేసి పైనున్న కొయ్య దూలం చూపించాను. అందకపోతే స్టూలు వేశాను.